నాటుచేపల రక్షణ - పంచాయతీల కర్తవ్యము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో చెరువులు ఎక్కువగా వానలపై ఆధారపడును. వేసవిలో మడుగులు మాత్రమే మిగులును. కొర్రమీను గాలిని కూడ పీల్చగలుగుటచే ఆ కొద్ది నీటిలో బ్రతికి, వానలలో గ్రుడ్లు పెట్టి, పిల్లలను కాచుకొనును. కాపుగా నున్న పెద్దచేపను పట్టినచో పిల్లలగుంపు ఇతర చేపల పాలగును.

నీటిలో విషము కలిపిగాని, పేలుడుమందు ప్రయోగించిగాని చేపలు పట్టుటను 1897 నాటి మత్స్య చట్టము నిషేధించినది. కుప్పం ప్రాంతమునుండి పాలారు తమిళనాడు మీదుగా బంగాళాఖాతమును చేరును. ఇచటి విషము దిగువ ఊళ్ళకును హాని. ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నాటుచేపలను మ్రింగును. దానిని చెరువులలో విడువరాదు.

పంచాయతీలకు సంబంధించిన రాజ్యాంగపు 11వ షెడ్యూలులో మత్స్యపరిశ్రమయు ఉన్నది. కావున సభ్యులారా, చేపలు పట్టి జీవించువారితో సంప్రదించి, లోతైన మడుగు నొకదానిని వేసవి వేటనుండి మినహాయించుచు తీర్మానింపుడు. వచ్చు వానలకు విత్తనము అదియే.