పాఠం 14: పొయ్యి వేడితో తిరిగే ఫ్యాను

ఈ పాఠం చదివిన తరువాత మీరు వేడి నుండి విద్యుత్తు ఎలా వస్తుందో వివరించగలుగుతారు. తిరగని ఫ్యానులో లోపం ఎక్కడ ఉందో కనిపెట్టగలుగుతారు. ఈ ఫ్యాను ఏ పని చేయలేదో కూడా చెప్పగలుగుతారు.

14.1 ఎక్కడ వాడతారు?

కాశ్మీరు, లడఖ్, హిమాచల్ ప్రదేశ్ కొండ ప్రాంతాల్లో చలికాలంలో గదిలో ఇనుప పొయ్యి వెలిగిస్తారు. దానిని బుఖారీ అంటారు. పొగ గొట్టం ద్వారా బయటకు పోతుంది. మీ ఊళ్ళో సైన్యంలో పనిచేసి వచ్చినవారుంటే అడగండి, బుఖారీ సంగతి చెబుతారు.

వేడెక్కిన గాలి తేలికై పైకప్పు దగ్గరకు చేరుతుంది. గది మూలన కూర్చున్నవారికి మాత్రం చలి తగ్గదు. ఆ గాలిని గదంతా పంచడానికి పొయ్యి పైన ఒక చిన్న ఫ్యాను పెట్టుకోవచ్చు. కెనడా వంటి చలిదేశాల్లో కట్టెల పొయ్యిలున్న ఇళ్ళల్లో ఇది బాగా వాడుకలో ఉంది. దీనికి కరెంటు తీగ లేదు, బ్యాటరీ లేదు. పొయ్యి వేడెక్కితే తిరుగుతుంది, చల్లారితే ఆగుతుంది.

14.2 వేడి కాదు, వేడిలో తేడా

1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త రెండు వేర్వేరు లోహాలను రెండు చివరలా కలిపి, ఒక అతుకును వేడిచేశాడు. దగ్గరలో ఉన్న దిక్సూచి ముల్లు కదిలింది. అది అయస్కాంత ఫలితమేనని ఆయన అనుకున్నాడు. తీగలో విద్యుత్తు ప్రవహిస్తే ముల్లు కదులుతుందని 1820లోనే కనుగొన్న అయర్‌స్టెడ్, ఇక్కడ పుట్టింది విద్యుత్తేనని గుర్తించాడు. ఇలాంటి లోహాల జతను ఉష్ణయుగ్మం అంటారు.

కృత్యం: ఒక జానెడు ఇనుప తీగ తీసుకోండి. దాని రెండు చివరలకూ ఒక్కొక్క రాగి తీగను గట్టిగా మెలిపెట్టండి. రాగి తీగల రెండో కొనలను మల్టీమీటరుకు కలిపి, మీటరును 200 మిల్లీవోల్టుల దగ్గర ఉంచండి. ఒక మెలికను మరిగిన నీటిలో, రెండోదానిని చన్నీటిలో ముంచండి. మీటరు ఒక మిల్లీవోల్టు కంటె తక్కువే చూపుతుంది, కాని చూపుతుంది. ఇప్పుడు రెండు మెలికలనూ వేడినీటిలోనే ముంచండి. మీటరు సున్నాకు వస్తుంది. నీరు వేడిగానే ఉంది కదా, విద్యుత్తు ఏమైంది? రెండు అతుకుల మధ్య తేడా లేకపోతే విద్యుత్తు లేదు. ఈ కృత్యాన్ని చేయకుండా ముందుకు వెళ్ళకండి. తరువాత చెప్పే మరమ్మతులకు ఇదే ఆధారం.

14.3 ఫ్యాను లోపల

అడుగున అల్యూమినియం దిమ్మ ఉంటుంది. ఇది పొయ్యి మీద ఆనుతుంది. పైన అల్యూమినియం రెక్కలు ఉంటాయి. ఇవి తిరిగేవి కావు, వేడిని గాలిలోకి వదిలేవి. ఈ రెండింటి మధ్య పలుచని చదరపు బిళ్ళ ఒకటి ఇరికించి ఉంటుంది. బిస్మత్ టెల్యురైడ్ అనే పదార్థపు చిన్న ముక్కలను జతలుగా వరుసలో కలిపి ఈ బిళ్ళను చేస్తారు. చాలా బిళ్ళల్లో 127 జతలు ఉంటాయి. ఒక్కొక్క జత, ఒక డిగ్రీ తేడాకు సుమారు 0.4 మిల్లీవోల్టు ఇస్తుంది. రెండు ముఖాల మధ్య 40 డిగ్రీల తేడా ఉంటే:

127 × 0.4 × 40 = 2032 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 2 వోల్టులు.

మోటారు కలిపినప్పుడు ఇది సగానికి పడిపోవచ్చు. చిన్న మోటారుకు అది చాలు. బిళ్ళ గుండా పోయే వేడిలో కొద్ది శాతమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలినది రెక్కల ద్వారా గదిలోకే వస్తుంది కనుక దానిని వృధా అనలేము.

14.4 తిరగకపోతే

ముందుగా స్క్రూడ్రైవరు పట్టకండి. ఫ్యాను ఎక్కడ పెట్టారో చూడండి. పొగగొట్టానికి ఆనించి పెడితే వెనుక నుండి వేడిగాలే వచ్చి రెక్కలు కూడా కాగిపోతాయి. కృత్యంలో రెండు మెలికలూ వేడినీటిలో ఉన్న స్థితే ఇది. మంట ఇంకా పెంచినా ప్రయోజనం లేదు. వెనుక నుండి చల్లగాలి అందేటట్లు పొయ్యి అంచుకు జరపండి. దిమ్మ కింద బూడిద, తుప్పు ఉంటే తుడవండి. ఫ్యాను చెడిపోయిందని తెచ్చేవాటిలో కొన్ని ఇంతటితోనే బాగుపడతాయి.

అయినా తిరగకపోతే ఫ్యాను పూర్తిగా చల్లారనిచ్చి, మోటారు తీగలు విప్పి 1.5 వోల్టుల టార్చి సెల్లు కలపండి. మోటారు తిరిగితే అది మంచిదే. బిగుసుకొని ఉంటే ఇరుసు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి. అప్పటికీ తిరగకపోతే మోటారు మార్చాలి.

మోటారు మంచిదైతే బిళ్ళను పరీక్షించాలి. గిన్నెలో మరిగిన నీరు కొద్దిగా పోసి, దిమ్మ అడుగు మాత్రమే మునిగేటట్లు నిలబెట్టి, బిళ్ళ తీగల మధ్య వోల్టులు కొలవండి. ఏమీ రాకపోతే తీగ తెగి ఉండాలి, లేదా బిళ్ళ కాలిపోయి ఉండాలి. మితిమీరిన వేడికి లోపలి టంకం కరిగి జతలు విడిపోతాయి. వరుసలో ఒక్కటి విడిపోయినా మొత్తం ఆగిపోతుంది.

కొత్త బిళ్ళ వేసేటప్పుడు రెండు ముఖాలకూ వేడిని ప్రసరింపజేసే పేస్టు పలుచగా పూయండి. పాత పేస్టు ఎండి పొడిబారడం కూడా ఫ్యాను మందగించడానికి ఒక కారణం. స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒకే పక్క బిగిస్తే బిళ్ళ పగులుతుంది. అంతా అయ్యాక ఫ్యాను వెనక్కి గాలి విసిరితే కంగారుపడకండి, తీగలు తారుమారు చేస్తే సరి.

14.5 ఫ్యాను చేయలేని పని

ఫ్యాను గదిలోని గాలిని కలియబెడుతుంది. కొత్త గాలిని లోపలికి తీసుకురాదు. గొట్టం మూసుకుపోయినా, అతుకుల దగ్గర కారినా కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఫ్యాను మాత్రం ఎప్పటిలాగే హాయిగా తిరుగుతూ ఉంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తే వెంటనే అందరూ బయటకు రావాలి. మరమ్మతుకు వెళ్ళినప్పుడు ఫ్యానుతో పాటు గొట్టాన్ని కూడా చూసి రండి, అడగకపోయినా. కిటికీ కొద్దిగా తెరచి ఉంచమని ఇంటివారికి చెప్పండి.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. పై లెక్కలో తేడా 20 డిగ్రీలే అయితే ఎన్ని వోల్టులు వస్తాయి?
2. మంట పెరిగేకొద్దీ ఒక ఇంట్లో ఫ్యాను నెమ్మదిస్తోంది. ముందుగా ఏమి చూస్తారు?

జవాబులు

1. 127 × 0.4 × 20 = 1016 మిల్లీవోల్టులు, దాదాపు 1 వోల్టు.
2. ఫ్యాను పెట్టిన చోటు. రెక్కలకు చల్లగాలి అందుతున్నదీ లేనిదీ చూడాలి.