గుసగుస – సర్‌గోషీ

ఇతరులకు వినబడకుండా మెల్లగా మాట్లాడుకోవడాన్ని తెలుగులో ‘గుసగుస’ అనీ, ఉర్దూలో ‘సర్‌గోషీ’ అనీ అంటారు. ఆ ‘గోష్’ నుండే మన ‘గుస’ పుట్టిందా అని తరగతిలో ఒక విద్యార్థి ప్రశ్నించాడు.

ప్రశ్న మంచిదే, సమాధానం మాత్రం కాదనే. ‘సర్‌గోషీ’ పారశీక సమాసం: ‘సర్’ అంటే తల, ‘గోష్’ అంటే చెవి. ‘గుసగుస’ ధ్వన్యనుకరణం, ఊపిరి సవ్వడే దానికి మూలం. కన్నడంలో ‘గుసుగుసు’, తమిళంలో ‘కుసుకుసు’, మలయాళంలో ‘కుశుకుశు’ అనే రూపాలున్నాయి.

అయితే ఈ పోలిక ఒక్కటే భాషల బంధుత్వానికి చాలిన ఆధారం కాదు. ద్రావిడ కుటుంబానికి చెందని హిందీ, ఉర్దూలలోనూ ‘ఖుసుర్‌ఫుసుర్’ ఉన్నది. ఇట్టి ధ్వన్యనుకరణాలు కుటుంబాల హద్దులు దాటి భారతీయ భాషలలో వ్యాపించాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో చూపారు.

బంధుత్వాన్ని తేల్చేది నియతమైన ధ్వనిమార్పు. తెలుగు ‘చెవి’ కన్నడంలో ‘కివి’, ‘చెఱువు’ ‘కెఱె’, ‘చెడు’ ‘కెడు’. ఇ, ఎ అచ్చుల ముందు పదాది కకారం తెలుగులో చకారమైంది, కన్నడంలో నిలిచింది. ఇది యాదృచ్ఛికం కాదు.

కనుక విద్యార్థులు పోలికతో తృప్తిపడక నియమాన్ని వెదకాలి. చెవికి ఒకటిగా తోచినవన్నీ ఒక తల్లి బిడ్డలు కావు.