విశ్వాసం చాలకేనా?

ప్రశ్న: అమ్మ క్యాన్సర్ తగ్గాలని ఏడాదిపాటు ఉపవాస ప్రార్థనలు చేశాం. అయినా అమ్మ పోయింది. విశ్వాసం చాల్లేదంటున్నారు సంఘంలో. నిజమేనా?

జవాబు: కాదమ్మా. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీ 12). గెత్సేమనేలో యేసు తొలగించమన్న గిన్నె తొలగలేదు. వాళ్లకూ విశ్వాసం తక్కువేనా?

అమ్మ ఎందుకు పోయారో నేను చెప్పలేను. చెప్పగలమనేవాళ్లని నమ్మకండి, యోబు స్నేహితులు అలా కారణాలు చెప్పినందుకే దేవుని కోపానికి గురయ్యారు.

ప్రార్థన నోట రాకపోతే 88వ కీర్తన చదవండి. విలాప కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతివైపు మళ్లుతాయి. ఇది మళ్లదు, చీకటిలోనే ఆగిపోతుంది. అయినా బైబిల్లోనే ఉంది. దేవుడిమీద కోపముంటే ఆయనతోనే పోట్లాడండి. నిద్ర, తిండి దెబ్బతింటుంటే మాత్రం డాక్టరుని కలవండి, అది అవిశ్వాసం కాదు.