మరల ఆకాశమునకు: విమానచోదకుని పునఃప్రవేశము

విమానచోదక వృత్తిని విడిచి, వ్యాపారములోనో బోధనలోనో కొన్ని సంవత్సరములు గడిపిన వ్యక్తి మరల ఆ వృత్తిలో ప్రవేశింపవచ్చునా? నిస్సందేహముగా ప్రవేశింపవచ్చును. అయితే తాను దిగిపోయిన మెట్టుపైననే తిరిగి నిలువగలనని ఆతడు భావింపరాదు.

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానములు నిలిచిపోయినవి. 2020 మార్చి 25 నుండి రెండు మాసములు కరోనా వలన మన దేశములో నియమిత దేశీయ ప్రయాణిక విమానములు ఎగురలేదు. నియమిత అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గాని తిరిగి ప్రారంభము కాలేదు. ఆ కాలములో ప్రపంచమంతట ఎందరో చోదకులు జీవనోపాధికై ఇతర వృత్తులు చేపట్టిరి. అందులో చిన్నతనమేమియు లేదని మా అభిప్రాయము.

లైసెన్సు కలిగియుండుట వేరు, దానిని వినియోగించు అర్హత కలిగియుండుట వేరు. గడచిన 90 దినములలో ఆ రకపు విమానమును కనీసము మూడు పర్యాయములు పైకి లేపి, మూడు పర్యాయములు దింపినవాడే ప్రయాణికులను తీసికొనిపోవలెనని నియమము. వైద్యపరీక్షా పత్రము గడువు దాటియుండరాదు. కొన్ని సంవత్సరములు దూరమైనవాడు మరల పాఠములు చదివి, సిమ్యులేటరులో అభ్యసించి, పరీక్ష నెగ్గి, అటుపిమ్మట శిక్షకుని ప్రక్కన కూర్చుండి ప్రయాణములు చేయవలెను. నిన్నటి కెప్టెన్ నేడు విద్యార్థి యగును.

ఇంతకును మరుపునకు వచ్చునదేమి? చేతి నేర్పే ముందు పోవునని సామాన్యుల తలంపు. 2014లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి భిన్నముగా చెప్పుచున్నది. 16 మంది చోదకులను బోయింగ్ 747-400 సిమ్యులేటరులో, యంత్రసహాయము తగ్గించి పరీక్షించిరి. విమానమును చేతితో నడుపు నేర్పు, పరికరములను పరికించు అలవాటు చాలవరకు చెక్కుచెదరలేదు. తడబాటు కలిగినది ఆలోచనలోనే: పటము తెరపై లేనప్పుడు తామెచ్చట నున్నారో గుర్తించుట, తరువాత చేయవలసినది నిర్ణయించుట, పరికరము చెడినదని పసిగట్టుట. వీరు నిత్యము ఎగురుచున్నవారే! ఏండ్ల తరబడి దూరమైనవాని సంగతి వేరుగ చెప్పనేల? ఉర్దూలో మష్క్ అన్నను, తెలుగులో సాధన యన్నను, అది చేతికే గాక మనస్సునకును కావలెను.

5,000 గంటలు ఎగిరిన కెప్టెన్ తిరిగి వచ్చుట ఒకటి. వాణిజ్య లైసెన్సునకు వలయు 200 గంటలు మాత్రమే పూర్తిచేసి, ఉద్యోగము దొరకక ఇతర కొలువులో చేరిన యువకుడు తిరిగి వచ్చుట మరియొకటి. రెండవవాని మార్గమే కఠినము. హైదరాబాదు బేగంపేటలో శిక్షణ పొందదలచు మన విద్యార్థులు చేరుటకు ముందే ఈ విషయము నెరుగవలెను. ఇతర కొలువులో నున్నను వైద్య పత్రమును, లైసెన్సును గడువు మీరనీయకుండుట ఖర్చుతో కూడినదే. కాని మొదటినుండి ఆరంభించుటకంటె ఆ ఖర్చు తక్కువ.

ఇక హోదా సంగతి. అనేక సంస్థలలో చేరిన తేదీనిబట్టియే వరుస ఏర్పడును. తిరిగి వచ్చినవాడు, తనకంటె చిన్నవారి వెనుక, ఆ వరుస చివరనే నిలుచును. వయస్సును గణింపవలెను. ఇద్దరు చోదకులు నడుపు విమానములకు అంతర్జాతీయ వయఃపరిమితిని 2006లో 60 నుండి 65 సంవత్సరములకు పెంచిరి. ఏబదవ యేట తిరిగి వచ్చువానికి ఆరోగ్యము సహకరించిన పదునైదు సంవత్సరములు మిగులును. అరువదవ యేట వచ్చువానికి ఐదే. అందులో శిక్షణాకాలము పోగా మిగిలిన వేతనము శిక్షణకై చేసిన అప్పును తీర్చునా యని కుటుంబముతో కూర్చుండి లెక్క చూచుకొనవలసి యుండును.