నాలిక కింద బిళ్ళ: నాలుగు ముచ్చట్లు

ఈమధ్య మన వైపు ఈ బిళ్ళ లేని ఇల్లు తక్కువే. రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు తోలుకొచ్చే పెద్దాయన చొక్కా జేబులో ఉంటుంది, మన అత్తగారి చేతిసంచిలోనూ ఉంటుంది. సార్బిట్రేట్. జేబులో ఉందంటే అదో ధైర్యం. ఆ ధైర్యాన్ని నేను కాదనను. కానీ అమ్మాయ్, అర్ధరాత్రి మీ ఆయన గుండె పట్టుకుని లేచి కూర్చుంటే ఆ బిళ్ళ అందించాల్సింది మనమే కదా? ఎలా వెయ్యాలో, వేశాక ఏం చూడాలో మనకే తెలియకపోతే ఎలా చెప్పు?

ముందు దాని పని ఏమిటో తెలుసుకుందాం, సగం కంగారు అక్కడే పోతుంది. అది నైట్రేట్ జాతి మందు. ఒంట్లోకి వెళ్ళి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని పుట్టిస్తుంది, అది రక్తనాళాల గోడల్ని వదులు చేస్తుంది. మూసుకుపోయిన గుండె నాళాన్ని తెరిచేస్తుందని మనం అనుకుంటాం గానీ, అసలు పని ఎక్కువగా సిరల్లో జరుగుతుంది. సిరలు వదులయ్యేసరికి రక్తం కాసేపు కాళ్ళలోనూ పొట్టలోనూ నిలుస్తుంది. ఎగువన నీళ్ళు ఆపితే దిగువ లాకు మీద ఒత్తిడి తగ్గినట్టు, గుండెకి బరువు తగ్గుతుంది. ఆక్సిజన్ అవసరమూ తగ్గి నొప్పి నెమ్మదిస్తుంది.

ఇప్పుడు చెప్పు, నిలబడి వేసుకుంటే ఏమవుతుంది? రక్తమంతా కాళ్ళలోకి దిగి, బీపీ పడిపోయి, మనిషి కళ్ళు తిరిగి కూలిపోతాడు. గుండెకేమీ కాలేదుగానీ తుంటి ఎముక విరిగిందంటే ఎంత బాధ! అందుకని ముందు కూర్చోబెట్టు, తర్వాతే బిళ్ళ. నమలొద్దు, మింగొద్దు, నాలిక కింద కరగనివ్వాలి. మింగితే లివరే చాలావరకు ఖర్చు చేసేస్తుంది, నాలిక కింద అయితే తిన్నగా రక్తంలో కలుస్తుంది. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుటక నీళ్ళు పట్టు. సాయంత్రం కల్లు పుచ్చుకున్న మనిషికైతే బీపీ ఇంకా తొందరగా పడిపోతుంది, అది కూడా గుర్తుంచుకో.

ఇక మన అసలు బెంగ దగ్గరికి వద్దాం. "బిళ్ళ వేశాం, కాస్త తగ్గింది, తెల్లారాక చూద్దాంలే" అంటారు చూడు, నాకు భయం ఆ మాటంటేనే. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుని, ప్రదక్షిణం చేస్తుంటే గుండె పట్టేసి, కూర్చుంటే నాలుగు నిమిషాల్లో సర్దుకునే నొప్పి వేరు. నాళంలో రక్తం గడ్డకట్టి వచ్చే గుండెపోటు వేరు. మొదటిదానికి ఈ బిళ్ళ మంచి నేస్తం. రెండోదానిలో ఇది నొప్పిని కాస్త నెమ్మదింపజేస్తుందేమోగానీ గడ్డని కరిగించలేదు. 1995లో వచ్చిన ఐసిస్-4 అనే పెద్ద పరిశోధనలో 58 వేల మందికి పైగా గుండెపోటు రోగుల్ని చూశారు. నైట్రేట్ ఇచ్చినందువల్ల చావులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కాబట్టి ఒక బిళ్ళ వేశాక గడియారం చూడు. ఐదు నిమిషాల్లో తగ్గలేదా, పెరిగిందా, చెమటలు పట్టాయా, ఇంక ఎవర్నీ అడగకు, 108కి ఫోన్ చెయ్యి. ఆ బండ్లు మన రాష్ట్రంలో 2005 నుంచీ తిరుగుతున్నాయి, మొహమాటం దేనికి? మనకి రాజమండ్రి వెళ్ళాలంటే జొన్నాడ వంతెన, తణుకు వెళ్ళాలంటే సిద్ధాంతం వంతెన. హైవే మీద లారీలు కిక్కిరిసిన వేళ ఎంతసేపు పడుతుందో నీకూ తెలుసు. గడ్డ కరిగించే ఇంజెక్షను దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో బాగున్న రోజునే కనుక్కుని పెట్టుకో. అది ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.

ఇంకో సంగతి. బిళ్ళతో తగ్గింది కాబట్టి గుండెదేనని, తగ్గలేదు కాబట్టి గ్యాసేనని తీర్పులు చెప్పుకోవద్దు. అన్నవాహిక పట్టేసి వచ్చే నొప్పి కూడా దీనికి తగ్గుతుంది. ఆ తేడా ఈసీజీ చూసి డాక్టరుగారు చెప్పాలి.

"అక్కా, అది వేస్తే తల పగిలిపోతోందంట, మానేస్తానంటున్నారు" అంటావా? ఈ తలనొప్పికి పెద్ద చరిత్రే ఉంది. 1847లో ఇటలీలో సొబ్రేరో అనే ఆయన ఇదే జాతి నైట్రోగ్లిజరిన్ని తయారుచేసి, కాస్త నాలిక మీద వేసుకుని తల పట్టుకున్నాడు. దాంతోనే నోబెల్ డైనమైట్ చేశాడు. ఆ కర్మాగారాల్లో కూలీలకి సోమవారం తలనొప్పి వచ్చేది, రెండు మూడు రోజుల్లో ఒంటికి అలవాటై పోయేది, ఆదివారం సెలవు కాగానే మళ్ళీ మొదలు. లండన్‌లో మర్రెల్ అనే డాక్టరు 1879లో అదే సరుకుని గుండె నొప్పికి మందుగా రాశాడు. చిత్రమేమిటంటే, చివరి రోజుల్లో నోబెల్‌కే గుండె జబ్బు చేసి డాక్టర్లు ఆ నైట్రోగ్లిజరిన్నే రాశారు. నైట్రిక్ ఆక్సైడ్ గుట్టు విప్పిన ముగ్గురికి 1998లో వచ్చింది కూడా ఆయన పేరు మీది బహుమతే! సరే, మన తలనొప్పి సంగతి: నాళాలు వదులవుతున్నాయనడానికి అదో గుర్తు. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. పారాసిటమాల్ వెయ్యొచ్చేమో డాక్టరుగారిని అడుగు, అంతేగానీ రోజూ వేసే మందు మనంతట మనం ఆపెయ్యొద్దు.

ఆ కూలీల ఒంటికి అలవాటైనట్టే మన పెద్దాళ్ళకీ అవుతుంది. రోజంతా నైట్రేట్ ఒంట్లో ఉంటే అది పని చెయ్యడం మానేస్తుంది. అందుకే రోజూ మింగే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ బిళ్ళని కొందరికి పొద్దున్న 8కి, మధ్యాహ్నం 3కి అని రాస్తారు, రాత్రంతా ఖాళీ వదులుతారు. మూడింటిది మర్చిపోయి పడుకునే ముందు వేసేశామనుకో, ఆ ఖాళీ పోయినట్టే. మధ్యాహ్నం టీ గ్లాసు పక్కనే పెట్టెయ్, గొడవుండదు. ఛాతీ మీద అంటించే పట్టీ రాస్తే, రాత్రి ఎన్నింటికి తీసెయ్యాలో కూడా అడుగు. ఇవి నొప్పి రాకుండా కాచేవి. వచ్చిన నొప్పికి వీటిని నాలిక కింద పెట్టొద్దు.

ఇప్పుడు కొంచెం సిగ్గుపడే మాట. మగవాళ్ళు చాటుగా కొనుక్కునే సిల్డెనాఫిల్, టడలాఫిల్ బిళ్ళలు ఉన్నాయి కదా, వాటితో నైట్రేట్ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ దగ్గరికి రాకూడదు. ఆయన్ని మెల్లగా అడుగు. మనతో చెప్పలేకపోతే డాక్టరుగారితో, 108 వాళ్ళతో చెప్పమను. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

పక్కింటి పిన్నిగారికి కళ్ళు తిరుగుతున్నాయని మన స్ట్రిప్పు తీసి ఇచ్చేస్తావేమో, ఆ మంచితనం వద్దు తల్లీ. బీపీ పడిపోయిన మనిషికి, కొన్ని రకాల గుండెపోటుల్లో కూడా, ఇది హాని చేస్తుంది. ఎవరికి రాశారో వాళ్ళకే. ఇక సీసాలో వచ్చే నైట్రోగ్లిజరిన్ బిళ్ళలైతే ఆ గాజు సీసాలోనే ఉంచు. వేడి తగిలినా గాలి తగిలినా సత్తువ పోతుంది. పొయ్యి గట్టు పక్కన పెట్టకు.

ఇంత చెప్పాను గానీ, మన గుండె సంగతి ఎవరు చూస్తారు? ఆయాసం, దవడ లాగడం, వీపులో బరువు, ఊరికే వాంతి వచ్చినట్టుండడం, ఇవన్నీ "పని ఎక్కువైందిలే" అని కొట్టిపారేస్తాం. ఆడవాళ్ళకి గుండె జబ్బు అలా కూడా వస్తుంది. నీకు అలా అనిపిస్తే ఆయన బిళ్ళ తీసి వేసుకోకు, వంట సగంలో ఉన్నా సరే పొయ్యి ఆపేసి ఈసీజీకి పద. ఇంట్లో స్ట్రిప్పు మీది తేదీ మాత్రం ఇవాళే చూడు, దాటిపోయుంటే రేపే మార్పించు.