వేషం కట్టే విద్యార్థికి కాగితమూ కావాలి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళావిద్యార్థుల ప్రశ్నలు

నా దగ్గరికి సలహా కోసం వచ్చే కళావిద్యార్థులు తక్కువే. వచ్చేవారిలో చాలామంది గడువు దాటాకే వస్తారు. ప్రతిభ లేక చేజారిన అవకాశాలకన్నా కాగితం లేక చేజారినవే నేను ఎక్కువ చూశాను. ఈ సమాధానాలు రాయడానికి కారణం అదే.

కింద 'విద్యార్థి' అంటే డిగ్రీలో గానీ పీజీలో గానీ భాష, సాహిత్యం, చరిత్ర, జానపద విజ్ఞానం, సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ వంటి విషయం చదువుతున్న వ్యక్తి. 'సంస్థ' అంటే ఆ విద్యార్థి చేరిన కళాశాల లేదా విశ్వవిద్యాలయం. 'మూల ధ్రువపత్రాలు' అంటే మార్కుల జాబితాలు, పట్టాలు, టీసీ, కుల ధ్రువపత్రాల అసలు ప్రతులు. 'ప్రదర్శన' అంటే ప్రేక్షకుల ముందు ఆడే నాటకం, చెప్పే హరికథ, చేసే నృత్యం, పాడే పాట. పథకాల నిబంధనలు ఏటా మారవచ్చు. మీరు దరఖాస్తు చేసే సంవత్సరపు ప్రకటనలో ఏముందో అదే మీకు వర్తిస్తుంది.

1. చిన్నప్పటి నుంచి మా ఊరి భారతం ఉత్సవంలో వేషం కడుతున్నాను. దానిమీద స్కాలర్‌షిప్ వస్తుందా?

రావచ్చు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖకు యువ కళాకారుల స్కాలర్‌షిప్ పథకం ఉంది. సీసీఆర్‌టీ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉంది. శాస్త్రీయ సంగీత నృత్యాలతో పాటు జానపద నాటకం, జానపద గానం, తోలుబొమ్మలాట వంటివి కూడా ఈ పథకం కిందికి వస్తాయి. ఎంపికైనవారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు, ఆరు నెలలకొక వాయిదాగా ఇస్తారు. ప్రధాన షరతులు రెండు. ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నాటికి వయసు 18కి తగ్గకుండా, 25 దాటకుండా ఉండాలి. ఒక గురువు దగ్గర గానీ శిక్షణ సంస్థలో గానీ కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి.

2. నా గురువుకు బోర్డు లేదు, సంస్థ లేదు. ఆయన రాసిచ్చే లేఖ చెల్లుతుందా?

గురువు సంస్థ పెట్టి ఉండాలనే నిబంధన ఏదీ లేదు. ఇబ్బంది వచ్చేది లేఖలో ఏముందన్న దగ్గరే. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి తన గురువు ఇచ్చిన లేఖ నాకు చూపించాడు. నోటుపుస్తకంలోంచి చించిన రూళ్ల కాగితం మీద 'మావాడు బాగా ఆడతాడు' అని ఒకే వాక్యం, దాని కింద వేలిముద్ర. నలభై ఏళ్లు ద్రౌపది వేషం కట్టిన మనిషి వేసిన ముద్ర అది. ఆయన మాటను ఊళ్లో ఎవరూ శంకించరు. ఢిల్లీలో దరఖాస్తు చూసే అధికారికి మాత్రం అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

లేఖలో ఇవి ఉండాలి: గురువు పూర్తి పేరు, ఊరు, మండలం, ఆయన ఎన్నేళ్లుగా ఈ కళలో ఉన్నారు, విద్యార్థి ఏ నెల, ఏ సంవత్సరం నుంచి నేర్చుకుంటున్నాడు, ఏయే వేషాలు కట్టాడు, ఏయే ఊళ్లలో, ఏయే తేదీలలో ప్రదర్శన ఇచ్చాడు, లేఖ రాసిన తేదీ. గురువు వేలిముద్ర వేస్తే, లేఖను ఆయనకు చదివి వినిపించినట్టు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. భారతం కరపత్రాలు, దేవస్థానం వారి ఆహ్వానాలు, తేదీ కనిపించే ఫొటోలు జత చేయండి. ఐదేళ్ల కరపత్రాలు ఐదో ఏట వెతికితే దొరకవు. ఏ ఏడాదివి ఆ ఏడాదే దాచుకోవాలి.

3. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ కోసం కేంద్ర ప్రభుత్వ సాయం ఎవరికి?

సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌కు షెడ్యూల్డ్ కులాలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల వారు అర్హులు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలు దాటకూడదు. వయసు 35 లోపు ఉండాలి. అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులు కావాలి. మాస్టర్స్, పీహెచ్‌డీలకే ఈ సాయం వర్తిస్తుంది, డిగ్రీకి వర్తించదు. షెడ్యూల్డ్ తెగల వారికి గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ వేరే పథకం నడుపుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. పాత వార్తాపత్రిక కోత చూసి సీటు డబ్బు కట్టకండి. అమలులో ఉన్న జీవో ప్రతి చేతికి వచ్చాకే నిర్ణయం తీసుకోండి.

4. నా పరిశోధనాంశం మన వీధినాటకం. ప్రశ్న 3లోని జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌కు అది పనికివస్తుందా?

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశ సంబంధమైన సామాజిక అధ్యయనాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని 2022-23 మార్గదర్శకాలలో చేర్చారు. ఏ అంశం ఈ నిషేధం కిందికి వస్తుందో ఎంపిక కమిటీయే తేలుస్తుంది. ఈ నిబంధన అన్యాయమని నా అభిప్రాయం. తన వాడలో పుట్టిన కళ గురించి లోతుగా రాయగల బిడ్డకు సరిగ్గా ఆ అంశం మీదే తలుపు మూసింది. కానీ నిబంధన అమలులో ఉన్నంతకాలం దాన్ని లెక్కలోకి తీసుకునే దరఖాస్తు చేయాలి.

ముందుగా ఆ సంవత్సరపు మార్గదర్శకాలలో నిషేధిత అంశాల పేరా చదవండి. మీ కోర్సు నాటక రచన, నటన శిక్షణ, మ్యూజియం నిర్వహణ వంటిదైతే దాన్ని ఆ పేరుతోనే స్పష్టంగా రాయండి. అంశాన్ని దాచిపెట్టి, చేరిన తరువాత మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. తప్పుడు వివరం ఇచ్చినట్టు తేలితే స్కాలర్‌షిప్ రద్దు కావచ్చు, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టాల్సి రావచ్చు.

5. అలాంటి నిషేధం లేని దారులు ఉన్నాయా?

ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్ కోర్సులకు కులం, ఆదాయం షరతులు లేవు. స్కాలర్‌షిప్‌కు ఎంపికైనవారికి కోర్సు ఫీజు ఉండదు. నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. నృత్యాన్ని వారసత్వంగా, ఆచారంగా అధ్యయనం చేసే 'కోరియోముండుస్' ఈ వరుసలోనిదే. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానం చదివినవారు దాన్ని తప్పక పరిశీలించాలి. ఒక్కో కోర్సుకు ఒక్కో గడువు ఉంటుంది. చాలా కోర్సుల గడువులు అక్టోబరు, జనవరి మధ్యలో ముగుస్తాయి. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. బ్రిటన్‌లో స్వల్పకాల పరిశోధనకు, కళాభ్యాసానికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ సాయం చేస్తుంది.

జర్మనీకి వెళ్లే భారతీయ విద్యార్థులు 2022 నవంబరు నుంచి వీసా దరఖాస్తుకు ముందే, విద్యార్హతలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం పొందాలి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లేవారి వంటి కొందరికి మినహాయింపు ఉంది. ధ్రువపత్రం చేతికి రావడానికి వారాలు పడుతుంది కనుక ప్రవేశ లేఖ కోసం ఎదురుచూడకుండా ముందే దరఖాస్తు చేయాలి.

6. అపోస్టిల్ అంటే ఏమిటి? ఎక్కడ చేయించాలి?

మీ పట్టా నిజమైనదేనని విదేశంలో చెల్లేలా మన విదేశాంగ మంత్రిత్వశాఖ వేసే ముద్రే అపోస్టిల్. ఈ ముద్రను పరస్పరం గుర్తించే దేశాల ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది. ఒప్పందంలో లేని దేశానికైతే అపోస్టిల్ చాలదు, ఆ దేశపు రాయబార కార్యాలయ ధ్రువీకరణ కూడా కావాలి. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తరువాత మంత్రిత్వశాఖ ముద్ర. ఈ వరుస తప్పితే పత్రం వెనక్కి వస్తుంది. మంత్రిత్వశాఖ నేరుగా పత్రాలు తీసుకోదు, అది గుర్తించిన ఏజెన్సీల ద్వారానే పంపాలి.

ఇక పత్రాలు తీసుకోవడం సంగతి: ద్రావిడ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే చదివినవారికి అన్ని కార్యాలయాలూ ఒక్కచోటే ఉంటాయి. అనుబంధ కళాశాలలో చదివినవారు బోనఫైడ్, ప్రవర్తన ధ్రువపత్రం కళాశాలలో, ట్రాన్‌స్క్రిప్టు, పట్టా విశ్వవిద్యాలయంలో తీసుకోవాలి.

7. పాత పత్రాలలో చిత్తూరు జిల్లా అని ఉంది. ఇప్పుడు జిల్లా మారింది. పత్రాలు మార్పించాలా?

అవసరం లేదు. మదనపల్లె 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయింది. పత్రం ఇచ్చిన నాటికి జిల్లా ఏదో ఆ పేరే సరైనది. పత్రం మీద చేత్తో దిద్దితే అది చెల్లకుండా పోతుంది. కొత్తగా తీసుకునే ఆదాయ ధ్రువపత్రం మాత్రం ప్రస్తుత జిల్లా పేరుతో ఉండాలి.

8. విదేశీ సీటు వచ్చింది, ఇక్కడి సంస్థ మానేస్తున్నాను. ఫీజు, మూల ధ్రువపత్రాలు తిరిగి ఇవ్వాలా?

ఇవ్వాలి. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం సంస్థ మూల ధ్రువపత్రాలు చూసి, సరిపోల్చుకుని, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఏ కారణంతోనూ తన దగ్గర ఉంచుకోకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందన్నది కూడా అందుకు కారణం కాదు. బకాయి వసూలుకు సంస్థకు చట్టబద్ధమైన దారులు వేరే ఉన్నాయి.

ఫీజు వాపసు ప్రవేశాల చివరి తేదీని బట్టి ఉంటుంది. ఆ తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే నూరు శాతం ఇవ్వాలి. అందులో 5 శాతం వరకు, 5,000 రూపాయలు మించకుండా, కోత విధించవచ్చు. చివరి తేదీకి 15 రోజుల లోపు మానేస్తే 90 శాతం. చివరి తేదీ తరువాత 15 రోజుల లోపు 80 శాతం. 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. ఆ పైన ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం పూర్తిగా ఇవ్వాలి. రాతపూర్వక దరఖాస్తు అందిన 15 రోజులలో సొమ్ము చెల్లించాలి. కొన్ని సంవత్సరాలలో యూజీసీ ఇంకా ఉదారమైన తేదీలు ప్రకటించింది, వాటిని కూడా చూసుకోండి.

మధ్యవర్తి కన్సల్టెన్సీకి మూల ధ్రువపత్రాలు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి, నకళ్లు చాలు. డబ్బు తీసుకుని సేవ చేయకపోతే 2 సంవత్సరాలలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కన్సల్టెన్సీ బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది.

9. మా బృందం రాత్రంతా వీధినాటకం ఆడాలి. మైకుకు అనుమతి వస్తుందా?

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మైకు పెట్టడానికి రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకే కాదు, వాద్యాలు కూడా నిషిద్ధం. మూసిన హాలుకు మినహాయింపు ఉంది. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. అదీ ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకూడదు. ఈ అధికారాన్ని ప్రభుత్వం కింది అధికారికి అప్పగించకూడదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. కాబట్టి స్టేషన్‌లో 'పన్నెండు దాకా కానీయండి' అన్న నోటిమాటకు విలువ లేదు.

మన భారతం పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ రోజు జనం పక్క మండలాల నుంచి కూడా వస్తారు. ఆ రోజుల ఘట్టాలు చాలావరకు పగలే జరుగుతాయి కనుక పగటి అనుమతి చాలు. రాత్రి ప్రదర్శనకు, పైన చెప్పిన సమయాలకు లోబడి, నేను చెప్పే సలహా: ఊళ్లు, తేదీలు, సమయాలు, మైకుల సంఖ్య రాసి, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారికి కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు ఇవ్వండి. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ మైకు పెట్టకూడదు. వేసవిలో డిగ్రీ పరీక్షలు కూడా ఉంటాయి. పరీక్ష రాయాల్సిన వేషధారుల పేర్లు ముందే చూసి తేదీలు కుదుర్చుకోండి.

10. పాత పద్యనాటకం ఆడాలంటే ఎవరి అనుమతి కావాలి?

రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే చివర మరణించినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు. కనుక 'పాండవోద్యోగ విజయాలు' నాటకాలపై హక్కు 2010 చివరితో ముగిసింది. వాటిని ఎవరైనా ఆడవచ్చు. అయితే ఈ మధ్య ఎవరైనా కొత్తగా కుదించిన ప్రతికి, చేర్చిన పాటలకు వేరే హక్కు ఉంటుంది.

ఈ 60 ఏళ్ల లెక్కకు మదనపల్లెతో దూరపు చుట్టరికం ఉంది. 1919లో బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు. ఆయన రచనలపై హక్కు ముగియబోతున్న సమయంలో, 1991 చివరలో, గడువును 50 నుంచి 60 ఏళ్లకు పెంచారు.

హక్కు ఇంకా ఉన్న నాటకానికి కూడా మూడు మినహాయింపులు ఉన్నాయి: సంస్థ కార్యక్రమంలో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారి ఎదుట ఆడటం, అమెచ్యూర్ సంఘం టికెట్ లేకుండా ఆడటం, అమెచ్యూర్ సంఘం ధార్మిక సంస్థ మేలు కోసం ఆడటం. పారితోషికం తీసుకునే వృత్తి బృందానికి ఈ మినహాయింపులు ఉన్నాయని అనుకోకూడదు.

11. పరిశోధన కోసం ప్రదర్శన వీడియో తీశాను. యూట్యూబులో పెట్టవచ్చా?

పరిశోధనకు, బోధనకు నిజాయితీగా వాడుకుంటే తప్పు లేదు. యూట్యూబులో పెట్టాలంటే కళాకారుల అనుమతి కావాలి. ప్రదర్శనపై కళాకారుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అనుమతి రాతపూర్వకంగా, తెలుగులో తీసుకోండి. ఆదాయం వస్తే ఎవరికెంతో అందులోనే రాయండి. గురువు పేరు వీడియోలో తప్పక కనిపించాలి.

12. సంస్థ స్పందించడం లేదు. ఎవరికి చెప్పాలి?

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఆ కమిటీ 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజులలో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి. అప్పీలు 30 రోజులలో తేలాలి. మార్కుల పునర్మూల్యాంకన కోరికను అంబుడ్స్‌పర్సన్ మామూలుగా స్వీకరించరు. ఫలితాన్ని మార్చే నిర్దిష్టమైన అక్రమం గానీ వివక్ష గానీ చూపగలిగితేనే స్వీకరిస్తారు. జవాబు పత్రం నకలును సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కమిటీకి గానీ 15100 నంబరుకు గానీ చెప్పవచ్చు. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఒక్కటే: సంస్థకు ఎప్పుడు రాసిచ్చారు? అందుకని ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకువెళ్లి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే కాదన్నారా, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఫిర్యాదు నకలుకు పిన్ను చేసి దాచండి.