ఓటు లేని రాజకీయవేత్త: డెవన్‌షైర్ డచెస్ జార్జియానా

ఇంగ్లండు చరిత్ర చదివిన విద్యార్థులకు పిట్, ఫాక్స్, బర్క్‌ల పేర్లు సుపరిచితములే. కాని ఆ నాయకులకు అండగా నిలిచిన ప్రభువంశ స్త్రీల పాత్ర పాఠ్యగ్రంథములలో అరుదుగా కానవచ్చును. అట్టి స్త్రీలలో అగ్రగణ్యురాలు డెవన్‌షైర్ డచెస్ జార్జియానా.

ఆమె 1757 జూన్ 7వ తేదీన స్పెన్సర్ వంశమున జన్మించినది. 1774లో ఐదవ డెవన్‌షైర్ డ్యూక్ విలియం కావెండిష్‌తో ఆమె వివాహము జరిగినది. కావెండిష్ వంశీయులు విగ్ పక్షమునకు మూలస్తంభములు. లండనులోని డెవన్‌షైర్ భవనము ఆ పక్షపు నాయకులకు కూడలి. ఆనాటి రాజకీయము పార్లమెంటులోనే గాక విందుల యందును, ఉత్తరముల యందును నడిచెడిది. అలిగినవారిని కలుపుట, ఊగిసలాడువారిని నిలుపుట ఆ ఇంటి ఇల్లాలి కార్యమైనది.

ఆమె శక్తిని లోకమునకు చాటిన ఘట్టము 1784 ఎన్నిక. దానికి మూలము మన దేశమునకు సంబంధించినదే. ఈస్టిండియా కంపెనీ పాలనపై పార్లమెంటు అదుపు పెంచుటకై ఫాక్స్ తెచ్చిన బిల్లు 1783 డిసెంబరులో ప్రభువుల సభలో ఓడిపోయినది. మూడవ జార్జి రాజు మంత్రివర్గమును తొలగించి, 24 ఏండ్ల పిట్‌ను ప్రధానిగా నియమించెను. తరువాతి ఎన్నికలో ఫాక్స్ వెస్ట్‌మిన్‌స్టర్ నుండి పోటీ చేసెను. రెండు స్థానములకు ముగ్గురు అభ్యర్థులు; పోలింగు ఏప్రిల్ 1 నుండి మే 17 వరకు సాగినది. అప్పటికి రహస్య బ్యాలెట్ లేదు. జార్జియానా తన సోదరితో కలిసి వీధులు తిరిగి, అంగళ్ళవారిని, పనివారిని స్వయముగా కలిసి ఓట్లర్థించినది. 200 పైచిలుకు ఓట్ల ఆధిక్యముతో ఫాక్స్ రెండవ స్థానమును దక్కించుకొనెను.

ఐతే ఆమెకు దక్కినది ప్రశంస కాదు. ముద్దిచ్చి కసాయివాని ఓటు కొన్నదను వదంతి పుట్టినది. వ్యంగ్యచిత్రకారులు ఆమెను అసభ్యముగా చిత్రించిరి. ప్రత్యర్థుల పక్షమునను స్త్రీలు ప్రచారము చేసిరి. కాని నిందలో అధికభాగము ఈమెపైననే పడినది. పురుషుడు చేసిన చాతుర్యమనబడు పని, స్త్రీ చేయగా నిర్లజ్జత అనిపించుకొన్నది.

గృహజీవితమునను ఇదే ద్వంద్వనీతి. డ్యూక్ తన ప్రియురాలు ఎలిజబెత్ ఫాస్టర్‌ను ఇంటనే ఉంచుకొనెను. వివాహేతర సంబంధమున తనకు కలిగిన బాలికను భార్యయే పెంచినది. చార్లెస్ గ్రే వలన జార్జియానా గర్భవతి కాగా, ఆమె మాత్రము దేశము విడువవలసి వచ్చినది. 1792లో పుట్టిన శిశువును గ్రే కుటుంబమునకు అప్పగించి, 1793లో తన పిల్లల వద్దకు తిరిగి వచ్చినది. జూదము వలన పెరిగిన అప్పులను భర్తకు దాచుచు ఆమె చిరకాలము కుమిలినది. ఆమె నిర్దోషి యని చెప్పలేము. కాని ఒకే దోషమునకు ఇద్దరికి వేర్వేరు శిక్షలు విధించిన సమాజము నిర్దోషి కాజాలదు.

1806లో ఫాక్స్ మరల మంత్రి అయ్యెను. ఆ సంవత్సరమే మార్చి 30న ఆమె కన్నుమూసినది. బ్రిటిష్ స్త్రీలలో కొందరికి పార్లమెంటు ఎన్నికలలో ఓటు 1918లోను, పురుషులతో సమానముగా 1928లోను లభించినది. పలుకుబడి వేరు, హక్కు వేరు. పలుకుబడి ఇతరుల దయపై నిలుచును. హక్కు చట్టముపై నిలుచును. జార్జియానా జీవితము నుండి విద్యార్థినీ విద్యార్థులు గ్రహింపదగిన సత్యమిదియే.